తుపాను రాకముందే తేలిపోయే లెక్క

పంటల బీమా గురించి మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లుగా జరుగుతున్న వాదన అంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది: ప్రీమియం ఎవరు కట్టాలి? 2019 ఖరీఫ్‌లో రైతు ఒక్క రూపాయి కడితే చాలన్నారు. ఆ తర్వాత ఆ రూపాయీ వద్దన్నారు. 2020లో ప్రధానమంత్రి ఫసల్ బీమాకు దూరం జరిగి రాష్ట్రమే పరిహారం ఇస్తానంది. 2022 ఖరీఫ్‌కి మళ్లీ అందులో చేరింది. 2024-25 రబీ నుంచి రైతు వాటా తిరిగి మొదలైంది. ఎన్నికల సభల్లో ఇది బాగా పండే విషయం. కానీ కృష్ణా జిల్లా పామర్రు మండలంలో వరి మునిగిన రైతు చేతికి చివరికి ఎంత వస్తుందన్నది ప్రీమియం కట్టిన చేతిని బట్టి తేలేది కాదు. నారుమళ్లు పోయకముందే ఖరారయ్యే వివరాల పట్టికలో అది చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఏ పంట, ఏ యూనిట్, ఎన్నేళ్ల దిగుబడి, ఎంత హామీ, ఎకరాకు ఎంత మొత్తం, ఏ నష్టం లోపల, ఏ నష్టం బయట, ఏ తేదీ దాకా, ఎవరి పేరున అన్నవే ఆ వివరాలు. ఈ గళ్లను ఎవరు ఎలా నింపుతున్నారో పట్టించుకునేవాళ్లు తక్కువ.

బజారులో అమ్మే మామూలు పాలసీకి దారి వేరు. కంపెనీ పాలసీ పత్రం రాసుకుంటుంది, ప్రీమియం లెక్కకు ఆక్చువరీ సంతకం తీసుకుంటుంది, రీఇన్సూరెన్స్ చూసుకుంటుంది, హైదరాబాద్‌లో ఉన్న ఐఆర్‌డీఏఐ దగ్గర నమోదు చేసి గుర్తింపు సంఖ్య పొందుతుంది. 2022 నుంచి చాలా సాధారణ బీమా పాలసీలను ముందు అమ్మి తర్వాత దాఖలు చేసుకునే వీలు కూడా వచ్చింది. పంటల బీమాలో మాత్రం కంపెనీ కంటే ముందు ప్రభుత్వం కలం పట్టుకుంటుంది. నోటిఫికేషన్ రాసేది రాష్ట్రం, దానికి రేటు చెప్పి టెండరు వేసేది కంపెనీ. అంటే వివరాలు తప్పితే కంపెనీని తిట్టి లాభం లేదు.

ఈ వివరాల జాబితా ఇవాళ్టి రూపానికి రావడానికి నూరేళ్లు పట్టింది. 1920లోనే మైసూరు సంస్థానంలో జె.ఎస్. చక్రవర్తి వర్షపాతం ఆధారంగా పంటల బీమా ఎలా నడపవచ్చో పుస్తకం రాశారు. దాన్ని ఎవరూ అమలు చేయలేదు. స్వతంత్ర భారతంలో మొదటి ప్రయత్నం 1972-73లో గుజరాత్‌లో హెచ్-4 పత్తి మీద జరిగింది. ఒక్కొక్క రైతు పొలాన్నీ విడిగా చూసి నష్టం కట్టే పద్ధతి అది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌తో సహా మరికొన్ని రాష్ట్రాలకు, మరికొన్ని పంటలకు పాకి 1978-79 దాకా నడిచింది. మొత్తం 3,110 మంది రైతులు, వసూలైన ప్రీమియం 4.54 లక్షలు, చెల్లించిన పరిహారం 37.88 లక్షలు. కట్టిన రూపాయికి ఎనిమిది రూపాయలు వెనక్కి పోయాయి. రైతు దగ్గర పాత దిగుబడి లెక్కలు లేవు, నష్టం ఎంతో చూసి చెప్పే యంత్రాంగం లేదు. ఆచార్య వి.ఎం. దండేకర్ 1970ల నడుమ చెప్పింది ఇదే: పొలం పొలానికీ వద్దు, ఒకేలాంటి నేల, నీరు, వాతావరణం ఉన్న ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా తీసుకోండి, ఆ ప్రాంతం సగటు దిగుబడి పడిపోతే అందులోని రైతులందరికీ ఒకే నిష్పత్తిలో ఇవ్వండి. 1979 పైలట్ పథకం, 1985 సమగ్ర పంటల బీమా, 1999-2000 రబీలో వచ్చిన జాతీయ వ్యవసాయ బీమా, 2016 ఖరీఫ్ నుంచి నడుస్తున్న ఫసల్ బీమా, అన్నీ ఈ ఒక్క ఆలోచనకు పిల్లలే. కాబట్టి పట్టికలో మొదటి గడి యూనిట్‌ది.

యూనిట్ చిన్నదైతే న్యాయం ఎక్కువ అని అందరం అనుకుంటాం. ఒకప్పుడు మండలం యూనిట్‌గా ఉన్న చోట 2005 నుంచి మన రాష్ట్రం కొన్ని జిల్లాల్లో ముఖ్యమైన పంటకు గ్రామాన్ని యూనిట్ చేసి దేశానికి దారి చూపింది. మంచి పనే. మండలం సగటులో మునిగిన ఊరు మునగని ఊళ్ల మధ్య కనపడకుండా పోయేది. అయితే కృష్ణా తూర్పు డెల్టాలో ఒకే ఊరిలో మెరక, పల్లం రెండూ ఉంటాయి. మురుగు కాలువ పక్కన పల్లపు చేను వారం రోజులు నీళ్లలో నానితే, రోడ్డు దిక్కున మెరక చేను రెండో రోజుకే బయటపడుతుంది. గ్రామం యూనిట్ అయినా ఆ రెంటి సగటే బయటికొస్తుంది. పల్లపు రైతుకు అందాల్సినదాంట్లో కొంత మెరక రైతుకు పోతుంది, లేదా ఇద్దరికీ ఏమీ రాదు. దండేకర్ అడిగిన ‘ఒకేలాంటి ప్రాంతం’ ఇక్కడ రెవెన్యూ గ్రామం హద్దులో లేదు. అది మురుగు కాలువ పరీవాహకంలో ఉంది. యూనిట్లను ఆ లెక్కన గీయాలని ఏ నోటిఫికేషనూ అనుకోలేదు, ఎందుకంటే దిగుబడి లెక్కలన్నీ రెవెన్యూ గ్రామాల పేరనే ఉన్నాయి.

యూనిట్ చిన్నదయ్యే కొద్దీ పంట కోత ప్రయోగాలు పెరుగుతాయి. ఫసల్ బీమాలో గ్రామానికి ముఖ్యమైన పంటకు కనీసం నాలుగు జరగాలి. వరి చేలో ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు చతురస్రం గీసి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఈ పద్ధతి వెనక ఒక పెద్ద పోట్లాటే నడిచింది. 1940లలో పి.సి. మహలనోబిస్ బెంగాల్‌లో చిన్న చిన్న ముక్కలు కోస్తే చాలన్నారు, తక్కువ ఖర్చుతో ఎక్కువ చోట్ల చూడొచ్చన్నారు. పి.వి. సుఖాత్మే, వి.జి. పాన్సే పెద్ద ముక్కలు కావాలన్నారు. ముక్క మరీ చిన్నదైతే అంచు మీది దుబ్బులు లోపలికి లెక్కపడి దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుందని సుఖాత్మే వాదన. బీమా రోజులు కావవి, ఆహార కొరత రోజులు. కానీ ఇవాళ ఆ వాదన విలువ పామర్రు రైతుకే ఎక్కువ తెలియాలి. దిగుబడి ఎక్కువ కనిపించిన ప్రతి కిలో పరిహారంలోంచి తగ్గుతుంది. ఆ చతురస్రం ఎకరంలో సుమారు 162వ వంతు. తూకంలో వంద గ్రాములు అటూ ఇటూ అయితే ఎకరాకు పదహారు కిలోలు మారిపోతాయి.

ఇప్పుడు లెక్కలోకి దిగుదాం. ఒక ఊరి వరి దిగుబడి ఏడేళ్లకు ఎకరాకు కిలోల్లో ఇలా ఉందని అనుకుందాం: 2400, 2300, 2500, 2350, 2450, 1500, 2200. ఆరో ఏడు తుపాను. హామీ స్థాయి 80 శాతం, బీమా మొత్తం ఎకరాకు 40,000 రూపాయలు. ఎనిమిదో ఏడు మళ్లీ దెబ్బ తగిలి దిగుబడి 1440కి, అంటే 75 కిలోల బస్తాల్లో పందొమ్మిదికి పడింది. జాతీయ వ్యవసాయ బీమా రోజుల్లో వరికి చివరి మూడేళ్ల సగటు తీసుకునేవారు. అది 2050, దాంట్లో 80 శాతం 1640. కొరత 200 కిలోలు, పరిహారం సుమారు 4,880 రూపాయలు. ఏడేళ్ల మొత్తం సగటు తీసుకుంటే హామీ దిగుబడి 1794కి పెరిగి పరిహారం 7,900కి చేరుతుంది. ఇప్పటి నిబంధన ప్రకారం ఏడేళ్లలో మంచి ఐదేళ్ల సగటు తీసుకోవాలి. అది సరిగ్గా 2400, హామీ 1920, పరిహారం 10,000. అదే చేను, అదే తుపాను, అదే దిగుబడి. మారిందల్లా ఎన్నేళ్లు, ఏ ఏళ్లు అన్న ఒక్క వివరం. పాత పద్ధతిలో వరసగా రెండు తుపానులు వస్తే మొదటి తుపాను రెండో తుపాను పరిహారాన్ని తినేసేది. డెల్టాకు ఆ అన్యాయం బాగా తగిలింది. మంచి ఐదేళ్ల పద్ధతి దాన్ని చాలావరకు సరిదిద్దింది. నా దృష్టిలో ఇరవై ఏళ్లలో జరిగిన అన్ని మార్పుల్లో రైతుకు నిజంగా పనికొచ్చింది ఇదే. దాని గురించి ఒక్క ఫ్లెక్సీ కట్టినవాళ్లు లేరు.

హామీ స్థాయి 80 అంటే మొదటి ఇరవై శాతం నష్టం రైతుదే అని అర్థం. పై లెక్కలో 2400 నుంచి 1920 దాకా, అంటే ఎకరాకు ఆరు బస్తాల పైచిలుకు పోయినా బీమా కళ్లు తెరవదు. పాత పథకంలో ఈ స్థాయిలు 90, 80, 60గా ఉండేవి. దిగుబడి ఏటా ఊగిసలాడే చోట తక్కువ స్థాయి, నిలకడగా ఉండే చోట ఎక్కువ స్థాయి. ఎవరికి బీమా ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ దొరికేదన్నమాట. ఇప్పుడు అడుగు స్థాయి 70కి పెరిగింది.

తేమ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కోత ప్రయోగంలో తూచిన ధాన్యం 22 శాతం తేమతో ఉందనుకోండి. ఆరబెట్టి 14 శాతానికి తెచ్చాక బరువు దాదాపు తొమ్మిది శాతం తగ్గుతుంది. ఆ సవరణ చేయకుండా పచ్చి బరువునే ఎక్కిస్తే 1440 కిలోల చేను కాగితం మీద 1588 అవుతుంది. పదివేల పరిహారం 6,900కి దిగుతుంది. మూడు వేలు నీళ్లలోనే పోయాయి. అందుకే ఆరబెట్టిన తర్వాతి తూకం అన్న చిన్న గడి ఫారంలో ఉండటం, దాన్ని నిజంగా నింపడం ముఖ్యం. యంత్రాలు వచ్చాక కోతలు రోజుల్లో ముగుస్తున్నాయి. ప్రయోగానికి ఎంపికైన చేను దగ్గరికి సిబ్బంది చేరేలోపే యంత్రం కోసుకుపోతోంది. ఈ ఒత్తిడిలో ఆరబెట్టే తీరిక ఎవరికుంటుంది? 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమలకు ఉపగ్రహ చిత్రాలతో కట్టే దిగుబడి అంచనాకు కనీసం 30 శాతం బరువు ఇవ్వాలని కేంద్రం చెప్పింది. మనిషి తూకంలోని తప్పుకు అది కొంత కళ్లెం వేస్తుంది. అయితే ఉపగ్రహం పైరు పచ్చదనాన్ని చూడగలదు గానీ, వెన్నులో గింజ నిండిందా, తాలు పోయిందా అన్నది దానికి కష్టం. ఈనిక దశలో గాలివాన కొట్టిన చేను పైనుంచి చూస్తే ఇంకా పచ్చగానే ఉంటుంది.

ఇక అసలు సంగతి, ఏ నష్టం లోపల అన్నది. పామర్రు బందరు రోడ్డు మీద గుడివాడ దారి, కూచిపూడి మీదుగా చల్లపల్లి దారి కలిసే చోటు. చుట్టూ నల్లరేగడి. సార్వా వరి, దాని వెనకే మినుము. ఇక్కడ వానలు తక్కువై పంట పోవడం అరుదు. నీటి కొరత వస్తే అది ఎగువ జలాశయాల నుంచి, కాలువల ద్వారా వస్తుంది. 2002-03, 2003-04లో డెల్టా ఆ రుచి చూసింది. ఎక్కువసార్లు దెబ్బ కొట్టేది ఎక్కువ నీరే. అందువల్ల వర్షపాతాన్ని సూచీగా పెట్టుకున్న బీమా మెట్ట జిల్లాలకు నప్పినట్టు డెల్టాకు నప్పదు. 2003లో బేసిక్స్ సంస్థ ఐసీఐసీఐ లాంబార్డ్‌తో కలిసి మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు వాన లోటు బీమా ఇచ్చింది. దేశంలో అలాంటిది అదే మొదలు. పంటను కొలవాల్సిన పని లేదు. వాన కొలిచే కేంద్రం, పంట దశలు, ఏ దశలో ఎన్ని మిల్లీమీటర్లు తగ్గితే ఎంత అన్నవే వివరాలు. మెట్ట పంటకు సొంపుగా ఉంది. కృష్ణా డెల్టాలో అదే పద్ధతి తిప్పి ఎక్కువ వానకు పెడితే? పామర్రులో కురిసింది తక్కువే అయినా ఎగువ చేలన్నీ దించిన నీరు మురుగు కాలువ ఎక్కి చేల మీద పడుతుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి వెళ్లే నీటిని సూచీ చేద్దామా అంటే 2024 సెప్టెంబరులో రికార్డుగా 11.43 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కరకట్టల మధ్య ఊళ్లు మునిగిన తీరు వేరు, లోపలి చేలు మునిగిన తీరు వేరు. కొలవడానికి సులువైన అంకె నష్టానికి దగ్గరగా ఉండకపోవడమే ఇక్కడి చిక్కు.

వరి ముంపు గడి మీద జరిగిన అటూ ఇటూ చూస్తే డెల్టాను ఎవరు గుర్తుపెట్టుకున్నారో తెలుస్తుంది. 2016లో ఫసల్ బీమా వచ్చినప్పుడు వడగళ్లు, కొండచరియలతో పాటు ముంపు కూడా స్థానిక విపత్తుల్లో ఉంది. అంటే ఊరి సగటుతో పని లేకుండా ఆ ఒక్క రైతు పొలం చూసి ఇచ్చే పరిహారం. 2018 సవరణలో వరి, జనపనార, చెరకులాంటి నీటి పంటలకు ముంపును తీసేశారు. మునిగిన పంట నష్టం అంచనా కష్టమనీ, దుర్వినియోగం అవుతుందనీ కారణాలు చెప్పారు. నీళ్లలో పెరిగే పంటకు నీళ్లతో నష్టమేమిటన్న ధోరణి కూడా ఆ నిర్ణయంలో నాకు వినిపిస్తుంది. నాలుగంగుళాల నీళ్లలో పైరు నిలబడటానికీ, పొట్ట దశలో వెన్ను దాకా నాలుగు రోజులు మునగడానికీ తేడా మారుటేరు, బాపట్ల వ్యవసాయ శాస్త్రవేత్తలను అడిగినా చెప్పేవారు. 2025 నవంబరులో కేంద్రం ఆ నిర్ణయాన్ని మార్చుకుంది. 2026 ఖరీఫ్ నుంచి వరి ముంపు మళ్లీ స్థానిక విపత్తు అవుతుందనీ, అడవి జంతువుల నష్టం అదనపు రక్షణగా చేరుతుందనీ ప్రకటించింది. సంతోషమే. కానీ ముంపు అంటే ఏమిటి? ఎంత లోతు, ఎన్ని రోజులు, ఏ దశ? నీళ్లు దిగిన తర్వాత పది రోజులకు కనిపించే కుళ్లును, నష్టం తెలపడానికి ఇచ్చే 72 గంటల్లో ఎలా చూపాలి? ఆ వివరాలు జిల్లా స్థాయిలో రాసుకోకపోతే ఈ గడి కూడా మళ్లీ వివాదాల్లో పడి 2018 వాదనే తిరిగి వస్తుంది.

కోత తర్వాతి నష్టం గడి ఇంకా పాతకాలపుది. కోసి పొలంలో ఆరబెట్టిన, చిన్న కట్టలు కట్టిన పంటకు పద్నాలుగు రోజుల పాటు తుపాను, అకాల వర్షాల నుంచి రక్షణ అని నిబంధన. మనుషులు కొడవళ్లతో కోసి, పనలు ఆరబెట్టి, కుప్ప వేసి, తీరికగా నూర్చుకునే రోజులకు అది సరిపోయేది. అప్పుడు కూడా కుప్ప మీద పడ్డ వాన సంగతి అందులో లేదు. ఇప్పుడు యంత్రం కోస్తే గింజ నేరుగా ట్రక్కులోకి, అక్కణ్నుంచి రోడ్డు పక్కన పరదాల మీదికి వస్తుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను సరిగ్గా కోతల మీద పడింది. పనల మీద ఉన్న వరికి నిబంధన వర్తిస్తుంది, పరదా మీది ధాన్యానికి వర్తించదు. రెండూ ఒకే వానకు తడిశాయి. 2025 అక్టోబరు 28న మొంథా వచ్చినప్పుడు పైరు ఇంకా చేలోనే ఉంది. ఆ నష్టం తాలు గింజగా కోత ప్రయోగంలో కనిపించే అవకాశం ఉంది. రెండు తుపానులు రెండు దశల్లో వచ్చాయి. ఒకటి పట్టికకు కనిపించేది, ఒకటి కనిపించనిది.

ఇంకోటి అసలు పట్టికలోనే లేదు. తడిసిన ధాన్యం బరువు తగ్గకపోవచ్చు, రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు, రంగుమారిన గింజలకూ పరిమితి ఉంది. ముప్పై బస్తాలూ ముప్పైగానే ఉండి, ధర మాత్రం పడిపోయిన రైతుకు దిగుబడి బీమాలో చోటు లేదు. కిలోలను కొలిచే పథకం రూపాయలను చూడదు. డెల్టా రైతు తుపాను తర్వాత మొదట పరుగెత్తేది మిల్లు దగ్గరికి. బీమా ఆఫీసు గుర్తొచ్చేది తర్వాతే.

బీమా మొత్తం సంగతి త్వరగా చెప్పొచ్చు. జిల్లా సాంకేతిక కమిటీ బ్యాంకర్లతో కూర్చుని ఎకరా సాగుకు ఎంత అప్పు ఇవ్వొచ్చో తేలుస్తుంది, సాధారణంగా అదే బీమా మొత్తమవుతుంది. దుక్కి, దమ్ము, ఊడ్పు, ఎరువు, కోత చుట్టూ అల్లిన లెక్క అది. కౌలు కింద ఇచ్చే బస్తాలకు అందులో చోటుండదు. డెల్టాలో చేను దున్నేవాడు చాలా చోట్ల కౌలు రైతే గనక అతని అసలు నష్టంలో పెద్ద ముక్క ముందే బయట ఉండిపోతుంది.

అతని పేరు కూడా బయటే ఉండిపోయే ప్రమాదముంది. పూర్వం పంట రుణంతో పాటే ప్రీమియం కోసేవారు, రుణం భూమి యజమాని పేరున ఉంటే పరిహారమూ అటే పోయేది. 2019లో రాష్ట్రం తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు పదకొండు నెలల కార్డు ఇస్తానంది, దానికి యజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందో అన్న భయం ఊళ్లలో ఎన్ని చట్టాలు చెప్పినా తీరదు. ఈ-పంట నమోదు ఇక్కడ నిజమైన మేలు చేసింది. ఎవరు సాగు చేస్తున్నారో సర్వే నంబరు వారీగా రాసి, జాబితాను రైతు కేంద్రంలో అంటించి అభ్యంతరాలు అడగడం మొదలైంది. ఉచిత బీమా ఏళ్లలో పథకం గురించి ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, ఈ నమోదు అలవాటు నిలబడాల్సినదే. కంపెనీలకు కూడా విస్తీర్ణం మీద నమ్మకమైన అంకె దొరికితే రేటు తగ్గించి అడిగే వీలుంటుంది.

ప్రీమియం గడి చివర వస్తుంది, రావాల్సింది కూడా చివరే. పై వివరాలన్నీ, యూనిట్ వారీ పాత దిగుబడులతో సహా, చేతికిచ్చాకే కంపెనీలు రేటు చెబుతాయి. రైతు వాటా బీమా మొత్తంలో ఖరీఫ్‌కు 2 శాతం, రబీకి 1.5, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5. మిగతాది కేంద్రం, రాష్ట్రం సగం సగం. 2020 నుంచి కేంద్రం నీటి పారుదల ఉన్న చోట 25 శాతం, లేని చోట 30 శాతం రేటు దాకానే తన వాటా ఇస్తానంది. అంటే కోస్తా మండలం ప్రమాదాన్ని నిజాయితీగా రాసి, ముంపునూ కోత తర్వాతి నష్టాన్నీ చేర్చి, రేటు పెరిగితే ఆ పైభారం రాష్ట్రం మీద పడుతుంది. గళ్లను ఖాళీగా వదలాలన్న ఆశ అక్కడ పుడుతుంది. 2 శాతం కట్టాలా సున్నా కట్టాలా అన్న గోలలో ఆ ఖాళీలు ఎవరి కంటా పడవు.

2026 ఖరీఫ్‌కు కృష్ణా జిల్లా పంపే పట్టికలో మూడు చోట్ల నేను వేలు పెట్టి చూస్తాను. ముంపుకు లోతు, రోజులు, దశ రాశారా. కోత ప్రయోగం ఫారంలో తేమ గడి ఉందా, దాన్ని సవరించిన తర్వాతి బరువే దిగుబడిగా ఎక్కుతోందా. యంత్రంతో కోసి ఊరి పొలిమేరలోనే ఆరబెట్టిన ధాన్యాన్ని పద్నాలుగు రోజుల రక్షణలోకి తెమ్మని జిల్లా కనీసం అడిగిందా. మూడోదానికి ఢిల్లీ నిబంధన మారాలి, అది జిల్లా చేతిలో లేదు. మొదటి రెంటికీ బందరు కలెక్టరేట్‌లో ఒక పూట కూర్చుంటే చాలు.